పదిహేడో పట్టీ

కనకరాజు మాస్టారి "ఆగు" మూడు సెకన్లు ఆలస్యంగా బయటికి వచ్చింది. ఆ మూడు సెకన్లలో ఆయన మనవరాలు వంటగట్టు మీద వార్చి పెట్టిన గంజిగిన్నె అంచు పట్టుకుని లాగింది. పిల్ల కెవ్వుమన్నాక, తల్లి పరిగెత్తుకొచ్చాక, మాస్టారి మెడకున్న పట్టీ ఆయన పాత బడిపంతులు గొంతుతో తాపీగా "ఆగు" అంది.

మర్నాడు, మంగళవారం పొద్దున్నే, మాస్టారు విజయనగరంలోని ప్రయోగశాలకు వచ్చారు. కోప్పడలేదు. పిల్ల వేళ్ళకు ప్రమాదం లేదని, వారంలో కట్టు విప్పుతారని చెప్పి కుర్చీలో కూర్చున్నారు. తర్వాత ఆయన పెదవులు కదిలాయి. నాలుగు సెకన్లకు పట్టీ పలికింది.

"ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పానమ్మా. మూడు సెకన్లంటే ఎంతో నిన్నటిదాకా తెలీదు."

ఆ మాట డాక్టర్ ఇందుమతికి చెప్పారు గానీ, పక్కనే నిలబడ్డ తవిటినాయుడికి కూడా తగలవలసిన చోట తగిలింది. సర్వర్ బాగోగులు చూసేది అతనే.

ఒకప్పుడు గోనెసంచులు దాచిన పాత గోదాములో ఉంది ఆ ప్రయోగశాల. పక్షవాతంతోనో, గొంతు ఆపరేషన్‌తోనో మాట పోయిన నలభైమందికి అక్కడినుంచే మాట వెళుతుంది. మాట నోట్లోకి రాకముందే నరాల్లో బయల్దేరుతుందని ఇందుమతి పదేళ్ళు పనిచేసి కనిపెట్టింది. మెడకు కట్టిన పట్టీ ఆ బయల్దేరడాన్ని పసిగడుతుంది. గోదాములోని సర్వర్ అది ఏ మాటో పోల్చుకుని, ఆ మనిషి పాత గొంతులోనే తిరిగి పలికిస్తుంది. అంతా రెప్పపాటులో అయిపోవాలి. నాలుగు నెలలుగా కావడంలేదు.

మాస్టారు వెళ్ళాక ఇందుమతి తవిటినాయుణ్ణి పిలిచి, గురువారం సాయంత్రం నాలుగింటిదాకా గడువు ఇచ్చింది. అప్పటికి కారణం దొరక్కపోతే, సర్వర్‌ను ఎక్కువగా తింటున్న పట్టీ ఏదైతే అది వెనక్కి తీసుకోవాలంది. ఒక్కరి కోసం ముప్ఫైతొమ్మిది మందిని ప్రమాదంలో పెట్టలేనంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె అతని మొహం చూడలేదు, బల్ల మీది పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉంది. ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు.

తవిటినాయుడు వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. అతని ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, ఇతన్ని పురిట్లోనే తవుడుకి అమ్మినట్టు చేసి తిరిగి తెచ్చుకున్నారు. పేరు అలా వచ్చింది. ఆఫీసులో నాయుడంటారు. ఇంట్లో ఇప్పటికీ తవుడే. ఒక పని ఒప్పజెపితే అది తేలేదాకా అన్నం సయించని రకం.

జ్వరమొచ్చినవాడికి ముందు నాలుక చూసినట్టు, అతను ముందు సర్వర్ గది చల్లదనం చూశాడు. బాగానే ఉంది. మధ్యాహ్నం పూట సమాచారానికి నకళ్ళు తీసే పని ఒకటి నడుస్తుంది, దాన్ని మరో వేళకు మార్చి చూశాడు. తేడా లేదు. బయటినుంచి ఎవరైనా చొరబడ్డారేమోనని వెతికాడు. ఎవరూ లేరు. ఆఖరికి ఏ పని ఎన్ని ప్రాసెసర్లు తింటోందో చూపించే పట్టిక తెరిచి దాని ముందు కూర్చున్నాడు.

సర్వర్‌లో అరవై నాలుగు ప్రాసెసర్లున్నాయి. నలభైమంది ఒక్కసారే మాట్లాడినా వాటిలో సగం చాలు. తెర మీద పేర్లు కిందికీ మీదికీ మెల్లగా మారుతున్నాయి. సరిగ్గా ఒంటిగంటకు పదిహేడో నంబరు ఒక్క ఉదుటున పైకెక్కి కూర్చుంది. మొదట నాలుగు ప్రాసెసర్లు, తర్వాత పదహారు, చూస్తూండగానే అరవై నాలుగూ. ఫ్యాన్లు గోదాము రేకులు అదిరేలా మోత పెట్టాయి. అరనిమిషం తర్వాత దానంతటదే దిగిపోయింది. మళ్ళీ రెండు నిమిషాలకు ఎక్కింది.

అలా ఎక్కడానికి అనుమతి ఉంది, అది ఇందుమతి పెట్టిన నియమమే. ఏ మనిషి మాటా మధ్యలో పోకూడదు, పోల్చుకోలేని మాట వస్తే దొరికేదాకా ఖాళీగా ఉన్న ప్రాసెసర్లన్నీ వాడుకుని వెతకవచ్చు. ఎవరో ఒకరి గొంతులో దొరకని మాటొకటి పదేపదే బయల్దేరుతోంది. సర్వర్ దాని వెంటపడి మిగతావాళ్ళను మరిచిపోతోంది.

తవిటినాయుడు పాత లెక్కలు తీసి రోజుకెన్నిసార్లో ఎంచాడు. రెండువందల పన్నెండు.

పదిహేడో పట్టీ పైడమ్మది. నాలుగు నెలల కిందట తనే వెళ్ళి కట్టి వచ్చాడు.

*

బుధవారం పొద్దున్న అతను జూట్ మిల్లు లైన్లకు వెళ్ళాడు. వరసగా ఒకే తీరు పెంకుటిళ్ళు. మిల్లులో నేత విభాగంలో పనిచేసి దిగిపోయిన అప్పలస్వామి, పైడమ్మ భర్త, అరుగు మీద కూర్చుని గోనెనారతో మోకు పేనుతున్నాడు. మంచం కోడుకు కడితే, పైడమ్మ ఎడంచేత్తో పట్టుకుని తనంతట తాను లేచి కూర్చోవచ్చునట. నార గరుకు చేతికి తగలకుండా పట్టుకునే మేర పాత చీరపీలిక చుట్టాడు.

లోపల పైడమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. కుడిచేయి ఒళ్ళో పడి ఉంది. మెడకున్న పట్టీ చటుక్కున పలికింది.

"రా నాయినా, కూకో. ఎండన పడొచ్చినావు. ఒలే గౌరీ, ఈ బాబుకి మజ్జిగియ్యి. ఉప్పెయ్యడం మర్సిపోకు."

గౌరి ఆమె కూతురు. మజ్జిగ తెచ్చింది. ఉప్పు మరిచిపోయింది. పైడమ్మ దానిమీద ఒక మాట, ఇంటి మీదికొచ్చే పక్కింటి పిల్లి మీద రెండు మాటలు, తవిటినాయుడికింకా పెళ్ళి కానందుకు నాలుగు మాటలు అంది. అతను ఫోన్లో సర్వర్ లెక్క చూస్తూ విన్నాడు. పదిహేడో నంబరు ఒక్క ప్రాసెసరు కూడా పూర్తిగా వాడటం లేదు. పట్టీ శుభ్రంగా పనిచేస్తోంది.

అప్పుడు అప్పలస్వామి అతని కోసం స్టూలు పట్టుకుని లోపలికొచ్చాడు.

పైడమ్మ తల తిప్పి భర్తను చూసింది. ఆమె పెదవి కొస కొంచెం కదిలింది. ఫోన్లో గీత నిట్టనిలువుగా లేచింది. పట్టీ మీద పసుపు దీపం టపటపా కొట్టుకుంది. మాట మాత్రం రాలేదు. అప్పలస్వామి కాసేపు నిలబడ్డాడు, స్టూలు పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. గీత దిగింది.

తవిటినాయుడు పట్టీ తీసి తుడిచి మళ్ళీ కట్టాడు, తీగలు మార్చాడు. అప్పలస్వామి మంచినీళ్ళ చెంబుతో వచ్చాడు. మళ్ళీ అదే జరిగింది.

తిరిగి వెళుతుంటే అప్పలస్వామి వీధి కొసదాకా సాగనంపడానికి వచ్చాడు. కుళాయి దగ్గర ఆగాడు.

"సూసినావా బాబూ? ఊరందరితోటీ మాటాడతాది. పాలోడితో మాటాడతాది, పిల్లితో మాటాడతాది. నాను గుమ్మంలో కాలెట్టగానే ఆ మెడలోది మూగైపోతాది."

యంత్రంలో ఏదో లోపం ఉందని, వెతుకుతున్నానని తవిటినాయుడు సర్దిచెప్పబోయాడు. ముసలాయన వినిపించుకోలేదు.

"యంత్రం కాదులే. ఆ దినం కళ్ళు తిరుగుతన్నాయంటే ఎండదెబ్బే కావాలనుకున్నాను. మజ్జిగిచ్చి పడుకోబెట్టినాను. సందేళ దాకా ఇసనకర్రతో ఇసురుతా కూకున్నాను గానీ ఆటో పిలవలేదు. నాలుగ్గంటలు ముందు తెస్తే మాట పోయీది కాదన్నాడు డాక్టరు. అది ఆ మాటిన్నాది. నాతోటి మాటాడకపోతే నాయమే."

ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన కుళాయి బిగించాడు. అది కారడం లేదు.

బస్సులో కూర్చుని తవిటినాయుడు నోటుబుక్కులో "తీవ్రమైన కోపం వల్ల కావచ్చు" అని రాశాడు. మరుసటి స్టాపుకల్లా కొట్టేశాడు. కోపమైతే మాట వస్తుంది. వాళ్ళమ్మకు కోపమొస్తే వీధి వీధంతా తెలుస్తుంది. పైడమ్మను సూటిగా అడిగి ఉండవలసింది. అడగడానికి నోరు రాలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య సంగతి, తల్లి వయసు మనిషిని ఎలా అడుగుతాడు?

ఆ సంకోచం తనకు ఇదివరకు ఎక్కడో తగిలినట్టు అనిపించింది గానీ, ఎక్కడో గుర్తురాలేదు.

*

వాళ్ళ ఊళ్ళో వేసవి మొత్తం మామిడితాండ్ర వాసనే. తవిటినాయుడు ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో పరిచిన చాపల మీద వాళ్ళమ్మ రాములమ్మ ఆ రోజుకు ఆఖరి పూత పోస్తోంది. నిన్నటి పొర ఎండితేగాని ఇవాళ్టి రసం పోయకూడదు, తొందరపడితే అడుగుపొర పులిసిపోతుంది. అలా ఇరవై పొరలు పేరుస్తారు. తండ్రి చూరు కింద, చాపకు నాలుగడుగుల దూరంలో కూర్చుని టెంకలు వేరుచేస్తున్నాడు. తవిటినాయుడు చెప్పులు విడిచి తల్లి ఎదుటే నిలబడ్డాడు.

రాములమ్మ నడుం నిమిరుకుంటూ లేచి, కొడుకువైపూ చూడకుండా, మొగుడివైపూ చూడకుండా, ఎటో గాల్లోకి ఒక కేక పెట్టింది.

"ఒరే తవుడూ, మీ నాయన్ని సానం సెయ్యమను. కూడు సల్లారిపోతంది."

తండ్రి "ఆ, లేస్తన్నాను" అని లేచాడు.

తవిటినాయుడికి ఎప్పుడూ నవ్వొచ్చే సంగతి ఇది. అతను నాలుగేళ్ళు హాస్టల్లో ఉన్నాడు. ఆ నాలుగేళ్ళూ ఖాళీ ఇంట్లో అమ్మ "ఒరే తవుడూ, మీ నాయన్ని రమ్మను" అని కేకేస్తూనే ఉండేదని, నాన్న పలుకుతూనే ఉండేవాడని పక్కింటివాళ్ళు చెప్పి నవ్వేవారు. ఒకసారి రేషను కార్డు రాయడానికి వచ్చినాయన ఇంటి యజమాని పేరేమిటని అడిగితే, అమ్మ తలదించుకుని కొంగు వేలికి చుట్టుకుంది గానీ చెప్పలేదు. ఆరేళ్ళ తవుడు చెప్పాడు.

కొంగు వేలికి చుట్టుకుంది.

అతను చాప అంచున అలాగే నిలబడిపోయాడు. కాలు తాండ్రలో పడిందని తల్లి తిట్టేదాకా కదల్లేదు.

నాలుగు నెలల కిందట పైడమ్మ కూడా కొంగే వేలికి చుట్టుకుంది, పనిచేసే ఎడంచేత్తో. పట్టీ కట్టిన రోజు మనిషి చేత మాటలు అనిపించాలి. తెర మీద మాట కనబడుతుంది, ఆ మనిషి దాన్ని మనసులో మూడుసార్లు పలకాలి, అప్పుడు ఆ మాట తీరు సర్వర్‌కు తెలుస్తుంది. అన్నం, నీళ్ళు, నొప్పి, తలుపు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళ పేర్లు. గౌరి, మనవలు, వరసగా అయ్యాయి. "భర్త పేరు" అన్న గడి దగ్గర ఆమె తలదించుకుంది. తవిటినాయుడు గొంతు సవరించుకున్నాడు, కిటికీలోంచి బయటికి చూశాడు, మర్యాద కోసం ఆ గడిలో అయినట్టు టిక్కు పెట్టేసి తర్వాతి మాటకు వెళ్ళిపోయాడు. టిక్కు పెట్టకపోతే యంత్రం ముందుకు కదలదు. తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చనుకున్నాడు. మరిచిపోయాడు.

టిక్కు ఉంది కాబట్టి ఆ మాట తన దగ్గరుందని సర్వర్ నమ్ముతోంది. తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు. అవతల గొంతులో పేరు బయల్దేరుతుంది, సగందాకా వస్తుంది, అలవాటు కొద్దీ వెనక్కి మళ్ళుతుంది. ఉన్న మాటే కదా, ఎక్కడ పోయిందని సర్వర్ అరవై నాలుగు ప్రాసెసర్లతో వెతుకుతుంది. దాని వెనక ఆమె చెప్పాలనుకున్న మాటలన్నీ వరసలో నిలబడి, వేళ దాటి, రాలిపోతాయి.

అయితే పైడమ్మ మొగుడిమీద అలిగి మాట్లాడకపోవడం కాదు. రోజుకు రెండువందల పన్నెండుసార్లు ఆయన్ని పిలవబోతోంది.

మాస్టారి మనవరాలి చేయి కాలడానికి కారణం తను పెట్టిన టిక్కు. ఆ రాత్రి కంచం ముందు కూర్చుంటే తవిటినాయుడికి ముద్ద దిగలేదు.

*

గురువారం పొద్దున్నే ఇందుమతి గదిలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఉద్యోగం పోయినా న్యాయమేనన్నాడు.

ఇందుమతి పదిహేడో నంబరు ఫారం తెరిచి ఆ గడి చూసింది. తర్వాత, ఎందుకు అడగలేదని మాత్రం అడిగింది.

"మా అమ్మను అడిగినట్టుంటుంది మేడమ్."

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తప్పు అతనిదేనంది, తనది కూడానంది. ఆ ఫారం రాసింది తను. తాళంచెవులు దొరకనప్పుడల్లా మొగుణ్ణి పేరుపెట్టి కేకేసే తనకు, అక్కడొక గోడ ఉంటుందని తట్టలేదు. ఆ తర్వాత ఆమె శాస్త్రవేత్త అయిపోయింది. ఇది అయిదు నిమిషాల పనంది. భర్త పేరు ఎలాగూ తెలుసు, గడిలో నింపేస్తే సర్వర్ దాన్ని వెంటనే పోల్చుకుంటుంది, భారం దిగిపోతుంది, నాలుగింటిదాకా ఆగనక్కర్లేదు.

తవిటినాయుడు తల అడ్డంగా ఊపాడు. ఆమె ముందు అతను అలా చేయడం అదే మొదలు.

"నింపితే పట్టీ ఆ పేరు పైకి అనేస్తుంది మేడమ్. ఆమె గొంతుతో, రోజుకు రెండొందలసార్లు, వీధిలో అందరూ వింటుంటే. ఆమె అనలేదు, మనం అనిపించినట్టు. ఒక్కసారి ఆమెను అడిగి వస్తాను."

ఇందుమతి గడియారం చూసింది. పది. నాలుగింటికి ఏదో ఒకటి తేలాలని గుర్తుచేసింది. అతను గుమ్మం దాటుతుంటే పిలిచి, ఆ వయసు ఆడవాళ్ళలో ఇంకెంతమందికి అలా టిక్కులు పెట్టావని అడిగింది. ముగ్గురికి, అన్నాడు. వాళ్ళకు తను ఫోన్ చేస్తానంది.

అందులో ఇద్దరికి భర్తలు పోయారు. ఆ పేరు జోలికి వెళ్ళొద్దన్నారు. మూడో ఆవిడ మాత్రం పట్టీలోంచి ఫోను బద్దలయ్యేలా, "మా ఆయన పేరా? ఎట్టండమ్మా, గట్టిగా ఎట్టండి. ఇప్పుడైనా పిలుస్తాను" అందట.

*

తవిటినాయుడు వెళ్ళేసరికి అప్పలస్వామి పింఛను ఆఫీసుకు పోయి, క్రాపు కూడా చేయించుకుని రావడానికి బయల్దేరుతున్నాడు. ఎన్నడూ లేని అదృష్టం. ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆగి, తవిటినాయుడు మంచం పక్కన స్టూలు వేసుకున్నాడు. గౌరిని కూడా ఉండమన్నాడు. చెవులు వేడెక్కుతుండగా, అడగవలసింది అడిగాడు. ఎక్కడా ఆమె భర్త పేరెత్తకుండా అడిగాడు.

పైడమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచాక పట్టీ చాలా చిన్నగా పలికింది.

"నీకెలా తెలిసింది బాబూ?"

అతను చెప్పాడు. యంత్రానికి తెలిసిందన్నాడు.

"నలబై యెనిమిదేళ్ళు. ఒకపాలి కూడా నోట్లోకి రానీలేదు. లోపలనుకుంటాను. లోపలనుకుంటే తప్పేటి?"

"తప్పేం లేదత్తా. మా సర్వర్‌దే తప్పు. లోపల అనుకున్నది కూడా వినేస్తోంది."

"ఇనొద్దని సెప్పు దానికి. అది నాది. ఆయనక్కూడా సెప్పలేదు."

గౌరి మొహం పక్కకు తిప్పుకుంది. ఇన్నాళ్ళూ నాన్నతో మాట రావడంలేదని ఎందుకు చెప్పలేదే అని తల్లిని అడిగింది. చెబితే పట్టీ బాగులేదని తీసుకుపోతారని భయమేసిందట.

"ఆయన్ని సూడగానే నోరు మూసీసుకుంటాదిది. ఇదీ ఆడదే కావాల, సిగ్గుపడతందనుకున్నాను" అంది పైడమ్మ. ముగ్గురూ నవ్వారు. పైడమ్మకు సగం మొహమే నవ్వింది, కానీ ఆ సగం చాలు.

మరి ఇదివరకు మావయ్యను ఎలా పిలిచేవారని తవిటినాయుడు అడిగాడు. పైడమ్మ గూట్లో ఉన్న పౌడరు డబ్బా వైపు చూసింది. గౌరి తెచ్చి మూత తీసింది. లోపల డజను ఆకుపచ్చ గాజులు, ఆసుపత్రిలో చేరిన రోజు నర్సు తీసిచ్చినవి. ఒరిగితే పగిలి గుచ్చుకుంటాయని, అప్పట్నుంచి చేతికొక మెత్తని రబ్బరు గాజు తొడిగారు. దానికి చప్పుడు లేదు. ఆమెకు మాటతోపాటు పోయింది అది కూడా.

ఎలా మోగించేదో చూపించమంటే, గౌరి గాజులు తొడుక్కుని చేయి ఆడించింది. తవిటినాయుడు ఫోన్లో చప్పుడు పట్టాడు.

"అలాక్కాదు" అంది పైడమ్మ. "అది కోపం సప్పుడు."

గౌరి మళ్ళీ ఆడించింది. అది చుట్టాలొచ్చారన్న చప్పుడట. మూడోసారి, అన్నం వేళదట. ఏడోసారికి పైడమ్మ ఏమీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. అదే అని ఇద్దరికీ అర్థమైంది. రెండు చిన్న చప్పుళ్ళు, ఒక ఆగడం, మళ్ళీ ఒకటి.

తవిటినాయుడు అక్కడే అరుగు మీద లాప్‌టాప్ తెరిచి ఇందుమతికి ఫోన్ చేశాడు. ఆమె అంతా విని ఒక నియమం చెప్పింది. ఇక ఎవరి గొంతులోనైనా మాట బయల్దేరి తనంతట తానే వెనక్కి మళ్ళితే దాన్ని వెంటాడకూడదు, ఎంచకూడదు, దాచకూడదు. "మనం మాట పోయినవాళ్ళకు మాట ఇస్తామన్నాం నాయుడూ. దాచుకున్నవాళ్ళ దగ్గర లాక్కుంటామనలేదు." నలభైమందికీ అదే పెట్టమంది.

పైడమ్మకు ఇంకొకటి అదనంగా పెట్టాడు. పేరు బయల్దేరి వెనక్కి మళ్ళి, దాని వెనక వేరే మాటలు నిలబడి ఉంటే, పేరు బదులు గాజులు మోగి, ఆ మాటలు పలకాలి. పేరొక్కటే వచ్చి వెనక్కిపోతే ఏమీ మోగకూడదు.

మూడుంపావుకు పని ముగిసింది. అప్పలస్వామి అప్పుడే సందులోకి తిరిగాడు. ఎండకు తువ్వాలు తలకు చుట్టుకుని, ఎప్పట్లాగే అరుగు దగ్గర ఆగి, లోపలికి వెళ్ళాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

లోపల గాజులు మోగాయి. రెండు చిన్న చప్పుళ్ళు, ఒక ఆగడం, మళ్ళీ ఒకటి.

ఆయన చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. గౌరివైపు చూశాడు, గౌరి చేతులు బోసిగా ఉన్నాయి. చెప్పులు విడవడం మరిచిపోయి, గుమ్మందాకా వెళ్ళి, ద్వారబంధానికి చేయి ఆనించి ఆగాడు.

"ఎవులు కత్తిరించినారు నీకా జుత్తు?" అంది పైడమ్మ. "ఎలక కొరికినట్టుంది."

పట్టీ కట్టిన నాలుగు నెలలకు మొగుడితో అన్న మొదటి మాట అది. ఆయన తల తడుముకున్నాడు. ఏదో అనబోయాడు, రాలేదు. ఆ ఇంట్లో మాట రానిది ఇప్పుడు ఆయనకే. పట్టీ మాత్రం ఆగలేదు. వరసలో నిలబడి నిలబడి రాలిపోయిన మాటల తోబుట్టువులన్నీ ఒకటొకటిగా వస్తున్నాయి. చెప్పులతో లోపలికొస్తావేమని, మోకు బాగా పేనావని, చొక్కా ఉతికి ఎన్నాళ్ళయిందని. మధ్యలో, అదే గొంతుతో, అదే విసురుతో, "ఆ దినం సందేళదాకా ఇసురుతా కూకున్నావు. సెయ్యి నొప్పెట్టలేదా?" అంది.

అప్పలస్వామి గడపమీదే కూలబడ్డాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గౌరి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దుతున్నట్టు చప్పుడు చేసింది.

తవిటినాయుడు చూపు దించుకుని లాప్‌టాప్ చూశాడు. పదిహేడో నంబరు తెర మీద ఎక్కడా కనబడలేదు. కిందికి కిందికి జరిపితే అట్టడుగున దొరికింది, ఒక్క ప్రాసెసర్లో మూడో వంతు కూడా లేదు. కనకరాజు మాస్టారికి ఫోన్ చేసి, ఏదైనా ఒక మాట అనమన్నాడు.

"ఆగు," అన్నారు మాస్టారు, అతను అడగడం పూర్తికాకముందే.

గడువుకు ఇంకా పదిహేను నిమిషాలున్నాయి. రిపోర్టు అక్కడే రాశాడు. కారణం: ఫారంలో ఒక గడి నింపకుండా టిక్కు పెట్టడం. బాధ్యుడు: తవిటినాయుడు. ఎన్నిసార్లు అన్నచోట రెండువందల పన్నెండు అని వేసి, కొంచెంసేపు చూసి, చెరిపేశాడు. పాత లెక్కల్లోంచి కూడా తీసేశాడు.

బయల్దేరుతుంటే అప్పలస్వామి మళ్ళీ కుళాయిదాకా వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, క్రాపు నిజంగానే ఎలుక కొరికినట్టుంది. ఇంతకీ ఏమిటి రిపేరు అని అడిగాడు.

"చిన్నదే మావయ్యా. ఒక తీగె దగ్గర ఆగిపోతోంది. సరిచేశాను."

"నామీద కోపం కాదు గదా?"

తవిటినాయుడికి ఒక అంకె నాలుకదాకా వచ్చింది. వచ్చి, వెనక్కి మళ్ళింది.

"కాదు మావయ్యా" అన్నాడు.

వెనక ఇంట్లోంచి గాజులు మోగాయి, ఈసారి మళ్ళీ మళ్ళీ, గబగబా. పక్కింటి పిల్లి పాలగిన్నెలో తల పెట్టి ఉంటుంది. అప్పలస్వామి "వస్తన్నా, వస్తన్నా" అంటూ, మాట పూర్తిచేయకుండానే తిరిగి పరిగెత్తాడు.